మా కారుకు ఎడమ చేయి

అది మొదలైంది ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు. డోన్ నుంచి వచ్చిన పెద్దమనిషి మా కారు డ్రైవరు సీట్లో కూర్చుని, గేరు రాడ్డు చుట్టూ ఉన్న తోలు చిరుగులో చూపుడువేలు పెట్టి, చప్పున వెనక్కి తీసుకున్నారు.

"అబ్బా! ఏందమ్మా ఇది, పొయ్యిలో పెట్టినట్టుండాది."

ఇంజను పావుగంటగా తిరుగుతోంది. కింది వేడి ఆ చిరుగులోంచి నేరుగా లోపలికి వస్తుంది. నాకది కొత్త కాదు. ఎండాకాలంలో నేను కుడి మోకాలి మీద తడిగుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని. గేరు రాడ్డు మొదట్లో చిన్న పావడాలా కప్పి ఉండే ఆ తోలును మెకానిక్కులు గేరు బూటు అంటారు. మేము గేరు తోలు అనేవాళ్ళం.

ఆ పెద్దమనిషి రైలు ఇంజన్లు నడిపి రిటైరైనవారు. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తున ఉండే ఇలాంటి పాత స్పోర్ట్స్ కారు కోసం చాలా ఊళ్ళు తిరిగారట. మా ఆయన పోయి ఏడాదిన్నర అయింది. కారు కడపలో మా ఇంటి ముందు రేకుల కింద నిలబడి ఉంది. టైర్లు గట్టిపడుతున్నాయి. నిలబెట్టి పాడుచేయడం కన్నా నడిపే మనిషికి ఇవ్వడం మేలని నేనే అమ్మకానికి పెట్టాను.

"బండి బాగుండాది. ఈ బూటు ఒకటి మార్పించి ఇయ్యండి. ఎప్పుడు రమ్మంటే అప్పుడొచ్చి తోలుకోని పోతా," అన్నారు.

"మార్పిస్తాను. నాదీ ఒక షరతు ఉంది. కమలాపురం దాకా నేనూ వస్తాను. అక్కడిదాకా గేర్లు నేను వేస్తాను."

"మీరు బండి నడుపుతారామ్మా?"

"నడపను. నడిపేది మీరే. గేర్లు మాత్రం నావి."

ఆయన నన్నూ, కారునూ మార్చి మార్చి చూశారు. "నలభై ఏండ్లు రైలు నడిపినా తల్లీ. దాంట్లో గూడా ఇద్దరం ఉంటిమి. ఒకరు తోలేటోళ్ళు, ఒకరు సిగ్నలు చూసేటోళ్ళు. స్టీరింగు ఒకరిది, గేరొకరిదీ అనే బేరం యాడా విన్లేదు."

"ఇప్పుడు విన్నారు కదా," అన్నాను.

ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

నాకు కారు నడపడం రాదు. స్టీరింగు పట్టలేదు, క్లచ్చు తొక్కలేదు. కానీ ఈ కారుకు పద్దెనిమిదేళ్ళు గేర్లు వేసింది నేనే. కారు పోతుంది, పోనీ. పోయేముందు ఆ కమలాపురం దారిలో ఒక్కసారి మళ్ళీ గేర్లు వేస్తే, ఆ కాసేపు మా ఆయన పక్కన కూర్చున్నట్టు ఉంటుందని ఆశ. ఆ బేరంలో నాకు కావలసింది అదొక్కటే.

ఇద్దరం కలిసి ఒకే కారు నడిపే ఈ పద్ధతి మాకు ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆయన కడప బయట రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టును. ఒకరోజు గొలుసు జారి నల్లరాయి పలక ఆయన ఎడమ చేతి మీద పడింది. బొటనవేలు, చూపుడువేలు దక్కాయి. మిగతా మూడు వేళ్ళూ కొయ్యబారాయి. మణికట్టు తిరగలేదు. ఫ్యాక్టరీ యజమాని పరిహారంగా తన షెడ్డులో పడివున్న కారు తాళాలు తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. అది యజమాని మోజుపడి బెంగళూరులో కొన్న కారు. సీసా ఆకుపచ్చ రంగు. కూర్చుంటే పొట్ట స్టీరింగుకు తగులుతోందని వదిలేశాడు.

చేయి పోయినందుకు ఇచ్చిన కారును నడపాలంటే ఆ చేయే కావాలి. యజమానికి ఇది తట్టలేదు. నాకు తట్టి ఒళ్ళు మండింది. మా ఆయనకు తట్టి నవ్వొచ్చింది.

"చూస్తివా మ్మే, ఎడం చెయ్యి తీసుకోని, ఎడం చేత్తో గేరేసే బండిచ్చినాడు. ఆయప్పకు లెక్కలు చెప్పిన అయివారెవరో గానీ!"

"నవ్వింది చాలు. రేపే ఎవరికన్నా అమ్మెయ్యి," అన్నాను.

అమ్మలేదు. సాయంత్రం పని నుంచి రాగానే పోయి అందులో కూర్చునేవాడు. ఇంజను కూడా వేయకుండా కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండేవాడు. నేను టీ గ్లాసు తీసుకుపోయి కిటికీలోంచి ఇచ్చేదాన్ని. ఒకరోజు గ్లాసు తీసుకోలేదు.

"వచ్చి పక్కన కూచో. నీ కుడిచెయ్యి ఖాళీగానే ఉండాది గదా. ఇటియ్యి."

అలా నా చేయి గేరు మీదికి వచ్చింది. ఊరి బయట, ప్లాట్లకని రాళ్ళు పాతి వదిలేసిన బీడులో నేర్చుకున్నాం. మందుల అరలు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాను: పై వరుసలో ఒకటి, మూడు, ఐదు; కింది వరుసలో రెండు, నాలుగు, వెనక్కి పోయేది. ఆయన క్లచ్చు తొక్కి "పట్టు" అంటాడు. నేను గేరు వేస్తాను. ఆయన క్లచ్చు వదులుతాడు. చెప్పుకోవడానికి ఇంతే.

"పట్టు!"

"పట్టినా!"

"అది రెండు కాదు మ్మే, నాలుగు! బండి దగ్గుతాండాది, ఇనపడల్యా?"

"నువ్వు ఆలీసంగా తొక్కి నామీద ఏంటికి అరుస్తావు?"

"నేను తొక్కేది నీకు యాడ కనపడింది?"

"కనపడేదేంది, నీ మొగం చూస్తే తెలుస్తాది!"

"నా మొగం తర్వాత చూద్దువు, దారి చూడు. ఎనుము వస్తాండాది!"

ఇది చట్టం ఒప్పుకునే పద్ధతి కాదని తెలుసు. అందుకే నేను స్పీడు ముల్లు యాభై దాటనిచ్చేదాన్ని కాదు. వేగం కోసం చేసిన కారు మా చేతుల్లో పడి లారీలకూ ట్రాక్టర్లకూ దారి ఇస్తూ బతికింది. ప్రతి ఆదివారం కమలాపురంలో ఆయన పుట్టిన ఊరి చర్చికి పోయేవాళ్ళం. గేటు ముందు కారు ఆగగానే, వాకిట్లో చెప్పుల వరస పక్కన కూర్చునే ఒక పెద్దమ్మ లోపలికి వినబడేలా అరిచేది: "వచ్చినారప్పా! డ్రైవర్లు ఇద్దరు, ప్యాసింజరు మాత్రం లేడు!"

గేరు తోలు చిరగడానికి కారణం నా గాజులు. కుడిచేతికి ఆరు మట్టిగాజులు ఉండేవి. కింది వరుస గేర్లకు రాడ్డును వెనక్కి లాగినప్పుడల్లా అవి తోలు మీద ఒరుసుకునేవి. మొదట గీతలు పడ్డాయి, కొన్నేళ్ళకు మడతల దగ్గర చీలికలు. అన్నీ నా వైపే. డ్రైవరు వైపు తోలు కొత్తదానిలా ఉండేది. నేను పుండుకు వేసే ప్లాస్టరు కత్తిరించి చీలికల మీద అతికించాను.

"బండికి గూడా కట్టు కట్టేసినావా? మాత్రలు పొద్దునా రాత్రా?" అన్నాడు ఆయన.

"గాజులు ఎడంచేతికి మార్చుకుంటాలే. ఉన్న తోలన్నా నిలుస్తాది."

"వద్దు, ఉండనీ. గాజులు తీస్తే బండి నడవదు."

పుణ్యస్త్రీ చేయి బోసిగా ఉండకూడదనే పట్టింపు కాబోలు అనుకున్నాను. ఆయనకు అలాంటి పట్టింపులు మరేవీ లేవు. అయినా అలాగే అనుకుని ఊరుకున్నాను.

ఒక ప్రయాణం గురించి మాత్రం విడిగా చెప్పాలి. కారు వచ్చిన రెండో ఏడు కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఆపరేషన్ చేస్తే వేళ్ళు మళ్ళీ వంగవచ్చని ఎవరో చెప్పారు. పోయేటప్పుడు నంద్యాల దాకా ఆయన ఒకటే మాటలు. వేళ్ళు వస్తే గేర్లు తానే వేసుకుంటాడట, నన్ను దర్జాగా కూర్చోబెట్టి తిప్పుతాడట. "అప్పుడు నీకు పనుండదు. నిద్రపో," అన్నాడు. ఆ మాటకు సంతోషించాలని తెలుసు. కానీ నా చేయి ఎందుకో రాడ్డు తల మీది గేరు గుండును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, నరం చచ్చిపోయిందని, ఇక చేయడానికేమీ లేదని చెప్పాడు.

తిరుగు దారిలో ఆయన ఒక్కమాట మాట్లాడలేదు. శనగ కోసేసిన నల్లరేగడి చేలు రెండు వైపులా పడి ఉన్నాయి. ఆళ్ళగడ్డ దాటాక ఒక ఊరి ముందు దారికి అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. కారు నెమ్మదించింది. ఆయన "పట్టు" అనలేదు. నా చేయి పోయి గేరు మీద పడింది, అదే క్షణంలో ఆయన కాలు క్లచ్చు మీద పడింది. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, వెన్నలోకి చెంచా దిగినట్టు దిగాయి. గొర్రెలు పోయాయి. మళ్ళీ మూడు, నాలుగు. కడప చేరేదాకా గేరు ఒక్కసారి కూడా కరకరమనలేదు.

ఆ రోజు నుంచి మా కారులో "పట్టు" అనే మాట వినబడలేదు. ఆయన కాలు ఎప్పుడు తొక్కుతుందో నా చేతికి తెలిసిపోయిందని, ఆయన ఊపిరిని బట్టి, భుజాన్ని బట్టి నేను అందుకుంటున్నానని నమ్మాను. కొంత గర్వం కూడా ఉండేది.

ఆయన గుండె ఆగి పోయాడు. ఆ రోజు మా వదినలు నా గాజులు తీసేశారు. మా చర్చిలో ఆ పద్ధతి లేదని పాస్టరు చెబుతూనే ఉన్నాడు. మా వాడలో ఉంది. తరువాత నేనూ మళ్ళీ వేసుకోలేదు.

డోన్ పెద్దమనిషి వచ్చిపోయిన మరునాడు, బుధవారం, వీధి చివరి మెకానిక్కు చేత కారును సీట్లు కుట్టే భాయి షాపుకు తోలించాను. భాయి నడివయసు మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని గేరు గుండును తిప్పి ఊడదీశాడు. తోలు అంచును పట్టి ఉంచే చట్రాన్ని స్క్రూడ్రైవరుతో పైకి లేపాడు. చట్రం కింద ఎర్రమట్టి, ఒక పిన్నీసు, ఆకుపచ్చ గాజుముక్క.

"ఇదేనమ్మా దొంగ," అని గాజుముక్కను నా చేతిలో పెట్టాడు. "తోలును కోసింది ఇదీ, దీని అక్కాచెల్లెండ్లూ."

"కొత్తది అచ్చం ఇలాగే ఉండాలి భాయ్. నూలుపోగంత తేడా కూడా రాకూడదు."

"రెడీమేడుది ఉండాదమ్మా, రెక్సిన్‌ది. గంటలో ఏసేస్తా. ఏసినాక కొంచెం వదులుగా ఉంటాది, అంతే. అచ్చం ఇట్లాంటిదే కావాలంటే దీన్ని విప్పాల. కుట్లు విప్పి, ముక్కలు పరిచి, కాగితం మీద అచ్చు తీసి, తోలు కోయాల. ఇది ఇంగ ఉండదు."

నేను ఆ పాత తోలును ఉన్నదున్నట్టు ఇంటికి తీసుకుపోదామనుకుని వచ్చాను. అది మెత్తబడిపోయి, చేత్తో నొక్కితే నొక్కినట్టే ఉండిపోయేది. ఆ ఆకారమే నాకు కావలసింది. రెడీమేడ్ వేయిస్తే అది నాకు దక్కుతుంది, కొన్న మనిషికి వదులు తోలు పోతుంది. డోన్ పెద్దమనిషి నా షరతుకు ఒప్పుకున్నారు, నేను ఆయన షరతును సగం చేసి ఇవ్వకూడదు. కొలత తప్పిన మందును నేను ఏనాడూ కిటికీ దాటించలేదు.

"విప్పండి," అన్నాను.

భాయి బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపాడు. మూడు ముక్కలు చక్కగా విడిపోయాయి. నాలుగోది, నా వైపుది, ప్లాస్టర్లతో పాటు పేలికలుగా ఊడివచ్చింది. ఆ పేలికలను ఖాకీ కాగితం మీద పక్కపక్కన పేర్చి, పెన్సిలుతో చుట్టూ గీశాడు. తరువాత ఎదుటి వైపు ముక్కను తెచ్చి దాని మీద పెట్టాడు. తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇదేందో తేడాగా ఉండాదే. ఆ పక్క ముక్క కంటే ఈ పక్కది అరంగుళం పొడుగు."

నేను టేపు అడిగి కొలిచాను. అర అంగుళమే. ఎంత కాలం నా వైపు లాగానో అంత కాలమూ తోలు నా వైపు సాగింది.

"ఏ కొలత పెట్టమంటారు? కంపెనీ వాళ్ళిచ్చిందా, మీరు లాగిందా?"

భాయి టీ చెప్పాడు. టీ వచ్చింది, తాగాం. కారు తోలుకుపోవడానికి ఆయన వచ్చే శనివారం ఒక్క పూట నాది. ఆ తరువాత కారు ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళూ వేరే మనిషిది. ఒక పూట కోసం కొలత మార్చడం సరికాదు.

"కంపెనీదే పెట్టండి భాయ్. ఇంక ఆ పక్క నుంచి లాగేవాళ్ళు ఎవరూ ఉండరు."

నల్లని మేకతోలు కోశాడు. మైనం రాసిన దారంతో లోపలి వైపు కుట్టి, దిండు గలీబు తిప్పినట్టు తిప్పాడు. అంచుకు సొల్యూషన్ పూసి చట్రానికి అతికించి, పైన రాడ్డుకు బిగించి, గుండు తిప్పి పెట్టాడు. తోలు నిటారుగా, ఏ పక్కకూ వాలకుండా నిలబడింది. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పాత ముక్కలు మూడూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. పేలికలు ఊడ్చిన చెత్తలో కలిసిపోయాయి.

శనివారం ఉదయం ఏడు గంటలకు డోన్ పెద్దమనిషి వచ్చారు. కొత్త తోలు మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఇప్పుడు సల్లగుండాది," అని మెచ్చుకున్నారు. నేను నా సీట్లో కూర్చుని కుడిచేయి గేరు మీద వేశాను. నిలబడివున్న బండికి మొదటి గేరు ఎవరు వేసినా పడుతుంది. పడింది. వీధి మలుపులో రెండు వేయబోయాను. కారు మొత్తం అదిరేలా కరకరమంది.

"మీ చెయ్యి ముందే పోతాందమ్మా."

రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి ఆయన "ఊఁ, ఇప్పుడు" అన్నారు, నేను వేసేలోగా కాలు తీసేశారు. కొత్త తోలు బిరుసుగా ఉండి నా చేతిని వెనక్కి నెడుతోంది. తప్పు తోలుదే అనుకున్నాను. ఊరు దాటింది, దారి ఖాళీ అయింది. ఇంకొంచెం బలంగా లాగాను. గేరు ఏడ్చినంత పని చేసింది. ఇంకో మైలు పోయాక ఆయన కారును పక్కకు తీసి ఆపారు.

"తప్పుగా అనుకోవద్దండి. మీ చెయ్యి గేరు మీదికి ఎప్పుడొచ్చిందీ నాకెట్ల తెలియాల? నా కండ్లు దారి మీదుండాయి. మీరేమో గమ్మున కూచున్యారు."

"మీరు తొక్కితే నేను వేస్తాను. ఆయన తొక్కేవాడు, నేను వేసేదాన్ని."

"ఆయనకు మాత్రం ఎట్ల తెలిసేది తల్లీ? ఆయన కండ్లూ దారి మీదే కదా ఉంటాయి?"

నేను నా మణికట్టు వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు. చేయి గేరు మీద దిగేటప్పుడు ఆరు గాజులు జారి తోలు మీద పడే చప్పుడు ఉండేది. గలగల కాదు, చిన్న చప్పుడు. గాజులు తీస్తే బండి నడవదని మా ఆయన అన్నది అందుకు. కర్నూలు నుంచి వచ్చిన ఆ దారంతా నేను ఆయన్ని అందుకుంటున్నానని అనుకున్నాను. నిజానికి నా చేయి దిగిన చప్పుడు విని ఆయన క్లచ్చు తొక్కేవాడు. ఎవరి కోసం ఎవరు కాచుకుని ఉండేవారో ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

"మళ్ళా ఒకసారి చూద్దామా? మీరు నోటితో చెప్పండి, నేను తొక్కుతా," అన్నారాయన మెత్తగా.

"వద్దండి. ఇక మీరే వేసుకోండి."

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన చేతిలో గేర్లు మెత్తగా పడ్డాయి. రెండు, మూడు, నాలుగు. తరువాత ఐదు. ముల్లు యాభై దాటింది, డెబ్బై దాటింది. పద్దెనిమిదేళ్ళలో మేము ఒక్కసారీ వినని గొంతు ఆ ఇంజన్లోంచి వచ్చింది. ఇది విని ఉంటే మా ఆయన ఎంత సంబరపడేవాడో. పాపఘ్ని ఏటి ఇసుక కిటికీలో కనబడి పోయింది. కమలాపురం ఇంత దగ్గరా అనిపించింది.

చర్చి గేటు దగ్గర దిగాను. శనివారం కాబట్టి వాకిలి ఖాళీగా ఉంది.

"డోన్‌కు రండమ్మా ఎప్పుడన్నా. ఎక్కించుకోని తిప్పుతా."

"గేర్లు?"

"గేర్లు నావే," అని నవ్వి ఆయన వెళ్ళిపోయారు. మలుపు తిరిగేటప్పుడు నాలుగు నుంచి మూడుకు మార్చిన చప్పుడు విన్నాను. సరిగ్గానే మార్చారు.

బస్సులో కడపకు తిరిగి వచ్చాను.

పోయినవాటి లెక్క ఇది. సీసా ఆకుపచ్చ కారు ఒకటి. పాత గేరు తోలు ఒకటి. ముక్కలు మూడు బీరువాలో ఉన్నాయి, నా వైపుది లేదు. ఆ తోలులో అర అంగుళం. చివరి రోజు చేతికి ఉన్న మట్టిగాజులు ఆరు. కమలాపురం పోయిన ఆదివారాలు. లెక్క కట్టగలను, కట్టలేదు. గేరు వేసే పనిలో నా సగం. మనిషి ఒకరు.